రెండోవాడి పాలు

అన్యాయం జరిగింది ఎవరికి? ఏ విధంగా జరిగింది?

ఆ శుక్రవారం పొద్దున బాలుసామి ఇంట్లో ఈ రెండు మాటలూ అడిగినవారు లేరు. అడగవలసిన వారందరూ మాత్రం నడవలోనే ఉన్నారు. వారి మధ్య నేల మీద, పిడి పట్టి మోసుకుపోయే ఇత్తడి తూక్కు ఒకటి ఉంది. దాని నిండా నిన్న సాయంత్రం మిల్లు నించి వచ్చిన పాలు. ఆ పాలు తాగనని కొడుకు. తాగించి తీరుతానని తండ్రి.

“యుద్ధం వచ్చినప్పటినించి ఈ వీధి పిల్లకాయలు పాల రంగే మరిచిపోయినారు,” అన్నాడు బాలుసామి. “పాలు తాగరా అంటే మూతి తిప్పుకునేవాడు రాజపాళయం మొత్తానికి నీవొక్కడివే.”

బొమ్మయ్య మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని గోడ వైపు చూస్తున్నాడు. మిల్లులో నూలు కండెలు మోసే కూలివాడు. అయినా ఆదివారం మదురైలో జరిగే మిల్లుల పరుగు పందెంలో కప్పు తెస్తాడని, మిల్లు యజమాని ముదలాళి మొదలు గేటు కావలివాడి దాకా అందరూ నమ్మకం పెట్టుకున్నది వాడి కాళ్ళ మీదే. ఆ కాళ్ళకు మొన్న సాయంత్రం నించి నీళ్ళు తప్ప మరో ఆధారం లేదు.

“వట్టి కడుపుతో ఎట్లా పరిగెత్తుతావురా?”

“పరిగెత్తను.”

“పరిగెత్తకుంటే మిల్లులో వేలై ఉంటాదా, కూలి వస్తాదా? వాన మొహం చూడని మన చేలో ఏముందని తింటావు, మట్టా?”

బొమ్మయ్య తల్లి జక్కమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఆమెకు ఈ తగవు వినిపిస్తూనే ఉంది. పెరటి ముళ్ళకంచె అవతలి ఏడుపు అంతకంటే ఎక్కువగా వినిపిస్తోంది. కంచె అవతల ఆరోక్కియమేరి ఇల్లు. ఆమె మనుమడు, ఇంకా మెడ నిలవని పసిగుడ్డు, తెల్లవారినప్పటినించి ఏడుస్తున్నాడు. మొన్నటి ఏడుపులో కోపం ఉండేది. నేటిది పిల్లి కూతలా ఉంది.

ఆ పసివాడి తండ్రి సవరిముత్తు. బొమ్మయ్యతో కలిసి మిల్లులో చేరినవాడు. బొమ్మయ్యతో కలిసి పరుగు నేర్చినవాడు. మొన్న సాయంత్రం సత్రపట్టి దారిలో, సాధన మధ్యలో కూలబడి, నోట నెత్తురు పడి, ఎవరిదో ఎద్దుబండి మీద ఇల్లు చేరినవాడు.

“ఈ పాలు నావి కావు నాయనా,” అన్నాడు బొమ్మయ్య.

“నీవి కాకపోతే దూడవా?”

“సవరివి.”

నడవ చివర బిడ్డకు పాలిస్తున్న బొమ్మయ్య భార్య పాపాత్తి తల ఎత్తింది.

“విడమరిచి చెప్పరా,” అంది జక్కమ్మ.

బొమ్మయ్య గోడకే చెప్పాడు.

“మొదట్లో మిల్లు డ్రిల్లు మాస్టర్ మా ఇద్దరికీ సమంగా పాలు పోయించేవాడు. గుడ్డు కూడా. అప్పట్లో సవరే ముందు. వాడి వీపు తప్ప నేను చూసింది లేదు. ఏసుసామి పాస్కా పండగకు ముందటి ఉపవాసాల తపసు కాలం వచ్చినాది. వాళ్ళింట్లో పొద్దు గూకేదాకా ఎవరూ ఎంగిలి పడరు గదా. సవరి కూడా పడలా. వట్టి కడుపుతో వచ్చి పరిగెత్తినాడు. ఆ పొద్దు నేను ముందొచ్చినాను. మాస్టర్ సంతోషపడిపోయినాడు. ఇంకమీద ఎవడు ముందొస్తే ఇద్దరి పాలూ వాడికే, రెండోవాడు ఎదురుగా నిలబడి చూడాల, అని చెప్పినాడు. చూస్తే రోషం వస్తాదంట. రోషం వస్తే కాలు లేస్తాదంట.”

“పాస్కా పండగ అయిపోయి ఎన్నాళ్ళాయె,” అంది పాపాత్తి. “మళ్ళీ ముందుకు రాలేదా ఆ అన్న?”

“దేంతో వస్తాడు?”



“ఉపవాసం సంగతి మాస్టర్‌కు నువ్వు చెప్పలేదా?” అని అడిగింది జక్కమ్మ.

“సవరి చెప్పద్దన్నాడు. సామి కోసం చేసింది చాటుకుంటే ఫలం పోతాదన్నాడు.” బొమ్మయ్య గోడను గోటితో గీకాడు. “చెప్పద్దన్నాడు, నేను చెప్పలేదు. నాకు సులువైన మాట వాడే చెప్పినాడమ్మా.”

జక్కమ్మ చూపు తూక్కు మీద పడింది. నెలల తరబడి ప్రతి సాయంత్రమూ ఆ తూక్కు మిల్లు నించి పాలతో వచ్చింది. తన వంతు పాలు బొమ్మయ్య మైదానంలోనే తాగేవాడు. గెలిచినందుకు మిల్లు ఇచ్చిన బహుమానం అని ఈ రెండో వంతు ఇంటికి తెచ్చేవాడు. జక్కమ్మ దాన్ని పొయ్యి మీద పెట్టి, శొంఠి కొట్టి వేసి, బాలింత కోడలికి తాగించింది. కోడలి ఒళ్ళో మనుమరాలు బుగ్గలు నింపుకుంటుంటే దిష్టి తీసింది. ఎవరి దిష్టి అని ఒక్కనాడూ ఆలోచించలేదు.

పాపాత్తి బిడ్డ నోటి నించి రొమ్ము తీసేసి పైట కప్పుకుంది. బిడ్డ గుక్క పెట్టింది. కంచె అవతలి ఏడుపు దానిలో కలిసి వినపడకుండా పోయింది.

“తెలిసి తాగినామా?” అన్నాడు బాలుసామి. “మిల్లు ఇచ్చినాది. తాగినాము. దానికి ఇప్పుడు ఇంత పంచాయతీ ఏంటికి?”

జక్కమ్మ లేచి తూక్కు మీద మూత పెట్టింది. అది చూసి అతనికి మరింత కోపం వచ్చి, కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు.

*

ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య పాల లెక్క అప్పటికే ఒకటి ఉంది. అది ఈ యుద్ధం నాటిది కాదు.

బొమ్మయ్య పుట్టిన వారానికి జక్కమ్మను విషజ్వరం పట్టుకుంది. జ్వరం ప్రాణాన్ని విడిచిపెట్టింది గాని పాలను విడిచిపెట్టలేదు; ఒక్క చుక్క మిగల్చకుండా ఎండగట్టింది. ఆవు పాలు బిడ్డకు నిలవలేదు. అప్పుడు ఆరోక్కియమేరి వచ్చింది. చంకలో తన సవరితో వచ్చి, రెండో పక్కన బొమ్మయ్యను వేసుకుంది. పిలవలేదు. అడగలేదు. ఏడుపు వినపడింది, వచ్చింది.

బాలుసామి తల్లి దానికి ఒక షరతు పెట్టింది. కిరస్తానం పుచ్చుకున్న వేదక్కారి పాలు మా ఇంటి మగబిడ్డ తాగినాడని వీధికి తెలియకూడదు; వచ్చేటప్పుడు పెరటి వైపు నించి రావాలి. అందుకోసం ముళ్ళకంచెలో ఒక మనిషి పట్టేంత సందు తెరిచారు. బొమ్మయ్య అన్నం ముట్టేదాకా ఆరోక్కియమేరి ఆ సందులో నించి వంగి వచ్చింది, వంగి పోయింది. ఆ తరవాత బొమ్మయ్యకు చెవులు కుట్టారు, పెళ్ళి చేశారు. పందిట్లో ఆమెకు చాప వేయలేదు. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. ఆమె కంచె దగ్గర నిలబడి అక్షింతలు విసిరింది.

సందు మాత్రం మూయలేదు. దానిలో నించి గిన్నెలు నడిచాయి. కంబు కూళు అనే సజ్జ అంబలి పోసుకుపోయిన గిన్నెలో మునగాకు తిరిగి వచ్చేది. ఏమీ లేని నాడు అడుగున చిటికెడు ఉప్పు వేసి ఇచ్చేవారు. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం ఆ ప్రాంతపు ఆడవాళ్ళు చేసే పని కాదు. చావు బతుకులకు కూడా రాకుండా తెగతెంపులు చేసుకున్నవాళ్ళే అట్లా చేస్తారు.

*

షిఫ్టు మారే మిల్లు సంగు ఊదేసరికి జక్కమ్మ మైదానం దగ్గర ఉంది. చేతిలో తూక్కు, దానిలో అవే పాలు.

డ్రిల్లు మాస్టర్ సీనివాసన్ పట్టాళంలో పనిచేసి వచ్చిన మనిషి. మెడలో ఈల, మోకాళ్ళ దాకా కాకీ నిక్కరు. అతను అరవంలో మాట్లాడాడు. ఆమె అరవంలోనే బదులు చెప్పింది.

“మీ కొడుకు ఆకలితో ఉన్నాడా అమ్మా, కోపంతో ఉన్నాడా?”

“సిగ్గుతో ఉన్నాడు.”

“మంచిదే. సిగ్గుపడినవాడు బాగా పరిగెత్తుతాడు.”

“సవరిముత్తు కూడా సిగ్గుపడ్డాడు. ఏం పరిగెత్తాడు?”

సీనివాసన్ ఈలను వేళ్ళ మధ్య తిప్పాడు. అతన్ని రాక్షసుడని అనడం సులువు; అది న్యాయం కాదు. అతను అబద్ధమాడలేదు, పాలలో నీళ్ళు కలపలేదు, తన ఇంటికి ఒక్క గరిటె తీసుకుపోలేదు. తాను నమ్మింది చేశాడు. అతని నమ్మకమే అక్కడ నేరం.

“నన్ను తయారుచేసిన దొరసార్జెంటు ఇట్లాగే తయారుచేశాడు. ఓడినవాడు గెలిచినవాడి పళ్ళెం తుడిచేవాడు. నేను ఏడ్చాను. ఏడ్చి గెలిచాను.”

“మీరు ఏడ్చినప్పుడు మీ కడుపులో అన్నం ఉందా?”

“ఉంది,” అన్నాడు అతను, నిజాయితీగా. ఈల వదిలేసి, “ఉంది,” అని మళ్ళీ అన్నాడు.

“ఆ అబ్బాయి మొదటిసారి ఓడిన నాడు తపసు కాలపు ఉపవాసంలో ఉన్నాడు.”

మాస్టర్ ముఖం మారింది. “నాకు చెప్పలేదు.”

“మీరు అడగలేదు.”

“పండగ అయిపోయాక అయినా చెప్పి ఉంటే…” అని, ఆ మాటను తానే వదిలేశాడు. “చూడండమ్మా. ముదలాళి నాకు ఇచ్చే పాలు ఒక మనిషిని నిలబెట్టడానికే చాలవు. ఇద్దరికీ పోస్తే ఇద్దరూ ఓడతారు. ఒక్కణ్ణి ఎంచుకోవాలి. ఎంచుకునే పని నేను చేయలేదు; వాళ్ళ కాళ్ళకే వదిలేశాను. అంతకంటే న్యాయం ఏముంది చెప్పండి.”

ఆ మాటలో ఎక్కడో కుళ్ళు ఉందని జక్కమ్మకు వాసన తెలుస్తోంది గాని, చేయి పెట్టి చూపలేకపోయింది.

“ఒకటి మాత్రం నాకు అంతు పట్టలేదు,” అన్నాడు సీనివాసన్, గొంతు తగ్గించి. “పోయిన వారం సవరిముత్తు జ్వరంతో రాలేదు. మీవాణ్ణి ఒంటరిగా పరిగెత్తించాను. కడుపు నిండా పాలున్నాయి, పక్కన పోటీ లేదు, ఎండ లేదు. ఎన్నడూ లేనంత ఆలస్యంగా వచ్చాడు. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. ఎవరి కోసం?”

ఆమె తూక్కు ముందుకు చాపింది. “ఇవి సవరిముత్తువి. వాడి పాలు వాడికి తిరిగి ఇచ్చేయండి.”

“ఇవి మీరే ఇచ్చేయండి. తాగేసినవి ఎక్కడినించి తెచ్చేదమ్మా?”

రెండో సంగు ఊదింది. బొమ్మయ్య ఆదివారం లారీ ఎక్కకపోతే సోమవారం గేటు లోపలికి రానక్కరలేదని, అది తన చేతిలో లేదని చెప్పి, మాస్టర్ ఆమెకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నమస్కారంలో వెటకారం లేదు. ఉంటే ఆమెకు కొంచెం బాగుండేది.

*

శనివారం జక్కమ్మ ఆ పాలు మళ్ళీ కాచి, తూక్కును కంచె సందులో నించి ఇచ్చింది. ఆరోక్కియమేరి తీసుకుంది. అయితే, ఎప్పటిలా కూర్చోలేదు.

“మావాడికి రెండు గుక్కలు పోసినాను. దగ్గులో పడిపోయినాయి అక్కా.”

“పసివాడికి?”

“ఆవు పాలు వాడికి నిలవవు. కక్కేస్తాడు.”

“నీ కోడలు అంతోనియమ్మాళ్‌కు అసలు లేవా?”

“ఎట్లా ఉంటాయి?” అంది ఆరోక్కియమేరి. కోడలి మీద కోపం లేదు ఆమె గొంతులో. ఎవరి మీదా లేదు. “మొగుడు వట్టి కడుపుతో పరిగెత్తుతున్నాడని, చూలాలుగా ఉన్నప్పటినించి తన కూళు వాడి గిన్నెలో పోసినాది. నాకు తెలీకుండా. నేను నా కూళు దాని గిన్నెలో పోసినాను. దానికి తెలీకుండా. అదీ వాడికే పోయినాది. అంతా ఆ దారిలో పరిగెత్తి పోయినాది.”

బొమ్మయ్య తల్లి వెనక వచ్చి నిలబడ్డాడు. అవతలి పంచలో మంచం మీద నించి సవరిముత్తు గొంతు వచ్చింది, బొంగురుగా.

“ఎవడు, బొమ్మడా? రేపు లారీ ఎక్కురా.”

“నాకొద్దు సవరీ.”

“నీవు ఎక్కకపోతే నేను పడింది దండగ.” దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఇద్దరూ ఆగారు. “నీ వెనకే వస్తా ఉన్నాననుకో. నా కాళ్ళ సద్దు విన్నావు గదా ఇన్నాళ్ళు. అదే విను.”

బొమ్మయ్య ఆదివారం చీకటితో లారీ ఎక్కాడు. బాలుసామి వాడి పక్కన కూర్చున్నాడు, పారిపోతాడేమోనని.

*

ఆ ఉదయం ఎండ ముదిరాక, కంచె అవతలి ఏడుపు ఆగిపోయింది.

జక్కమ్మ చేట కింద పెట్టింది. పాపాత్తి తన బిడ్డను జో కొట్టడం మానింది. ఇద్దరూ చెవి ఒగ్గారు. ఏడుపు ఉన్నన్నాళ్ళూ ఆగితే బాగుండునని అనుకున్నవాళ్ళు, ఆగేసరికి భయపడ్డారు.

“లెయ్,” అంది జక్కమ్మ.

పాపాత్తికి అర్థమైంది. అయినా, “యాడికి?” అంది.

“నీకు తెలుసు.”

“అత్తా, ఆ ఇంట్లో నెత్తురు కక్కే రోగం. నా బిడ్డకు తెచ్చుకోనా?”

“బిడ్డను నా దగ్గర పెట్టు. నువ్వు లోపలికి పోవద్దు. వాళ్ళ వీధి అరుగు మీదే కూర్చో. పసివాణ్ణి అక్కడికే తెమ్మంటాను.”

“వీధిలోనా? అందరూ చూస్తా ఉంటే? మామ వచ్చి చంపేస్తాడు. మన వాళ్ళు నీళ్ళు పోస్తారా మనకు మళ్ళీ?”

“పోయకపోతే తోడుకుందాము.”

“ఇది పాలు కాదు అత్తా. నా రక్తం. నాకే ఒకటి ఉండాది, దానికే చాలీ చాలనట్టు ఉండాది. మీరు మీ ఋణం నా ఒంటితో తీరుస్తారా?”

న్యాయమైన మాట. జక్కమ్మ దాన్ని కాదనలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు; ఎన్నడూ లేదు. అప్పుడూ వేరొకరి ఒంటిదే తీసుకుంది, ఇప్పుడూ వేరొకరి ఒంటిదే అడుగుతోంది.

చివరికి పాపాత్తి తన బిడ్డను అత్త చంకకు అందించి తనంతట తానే లేచింది.

“శొంఠి వేసి మీరే ఇచ్చినారు,” అంది, అత్త ముఖం చూడకుండా. “రుచిగా ఉండాది అని నేనే రెండోసారి అడిగినాను.”

ఆమె పెరటి వైపు నడవబోయింది. జక్కమ్మ చేయి పట్టుకుని ఆపింది.

“సందులోనించి వద్దు. వీధిలోనించి.”

రెండిళ్ళ మధ్య వీధి దూరం ఎంతో లేదు. అయినా ఎదురింటి రుక్మణికి ఆ దూరం సరిపోయింది. చల్లిన నీళ్ళ చెంబు పట్టుకునే అడిగింది.

“ఏం జక్కమ్మక్కా, కోడల్ని వేదక్కారింటికి దత్తు ఇచ్చినావా?”

“నా కొడుకు తాగి బతికింది ఈ ఇంటి పాలే రుక్మణీ,” అంది జక్కమ్మ, వీధి చివరి దాకా వినపడేటట్టు. “ఇన్నాళ్ళు నీకు తెలీదు. ఇప్పుడు తెలుసుకో.”

రుక్మణి చెంబు దించింది. అటుపక్క రెండు తలుపులు తెరుచుకున్నాయి.

ఆరోక్కియమేరి గడపలో నిలబడి వింది. ఆమె చేతుల్లో పసివాడు గుడ్డపీలికలా వేలాడుతున్నాడు. బతికే ఉన్నాడు. ఆమె వాణ్ణి అరుగు మీద కూర్చున్న పాపాత్తి ఒళ్ళో పెట్టింది. వాడికి నోరు తెరవడం చేతకాలేదు. పాపాత్తి రొమ్ము పిండి పెదవుల మీద చుక్క రాల్చింది. ఇంకో చుక్క. తరవాత వాడి గొంతు కదిలింది.

“ఎప్పటిదాకా?” అని అడిగింది ఆరోక్కియమేరి.

“వాడు అన్నం ముట్టేదాకా. పొద్దునా సాయంత్రమూ. నీవు మావాడికి ఎంత ఇచ్చినావో అంత.” జక్కమ్మ మంచి మాట చెబుతున్నాననే అనుకుంది. “నీ అప్పు ఒక చుక్క మిగలకుండా తీర్చేస్తాను మేరీ.”

ఆరోక్కియమేరి ఆమె వైపు వింతగా చూసింది.

“నేను అప్పిచ్చినానా అక్కా?”

జక్కమ్మ పసివాడి మీది గుడ్డ సర్దింది.

“ఇన్నాళ్ళు నాకు తెలీదు,” అంది ఆరోక్కియమేరి. “సరి. అప్పంటే అప్పే.”

ఆమె లోపలికి వెళ్ళి కొడుకు మంచం పక్కన కూర్చుంది. సవరిముత్తు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మదురై పందెం మొదలయ్యే వేళ అయింది. వాడి పాదాలు దుప్పటి కింద కొద్దిగా కదులుతున్నాయి.

*

ఆ రాత్రి లారీ దిగిన బాలుసామి ఎవరితోనూ చెప్పకుండా నడవలోకే చెప్పాడు.

“తిరిగి తిరిగి చూసినాడు. అందరూ ముందుకు పోతా ఉంటే ఈయన వెనక్కి చూస్తా నిలబడినాడు. సద్దు వినపడలేదంట. ఏం సద్దురా అంటే చెప్పడు.”

బొమ్మయ్యను చెత్తపత్తి గదిలోకి మార్చారు. ఊపిరి ఆడని గది అది. సీనివాసన్ మాస్టర్ మరో ఇద్దరు కుర్రవాళ్ళను ఎంచుకున్నాడు. ఉపవాసం ఉన్నారా అని ఇప్పుడు ప్రతిరోజూ అడుగుతాడట. రెండోవాడు నిలబడి చూడటం మాత్రం మానలేదు.

సవరిముత్తు ఐప్పసి నెల వానలకు ముందే పోయాడు. శవాన్ని మోసినవాళ్ళలో బొమ్మయ్య ఒకడు. బాలుసామి వద్దనలేదు, కొడుకుతో మాట్లాడటం అప్పటికే మానేశాడు.

పాపాత్తి మాత్రం ఒక్క పూట తప్పలేదు. వాననాడు చాప కప్పుకుని వెళ్ళింది. చుట్టాలు రాకపోకలు మానిన నాడూ వెళ్ళింది. పసివాడు ఆమె అడుగు వినగానే కాళ్ళు ఆడించడం నేర్చాడు. ఆమె ఒళ్ళు సగమైంది. మనుమరాలి బుగ్గలు కొంచెం లోపలికి పోయాయి. జక్కమ్మ ఇప్పుడు దిష్టి తీయదు. ఆరోక్కియమేరి గడప మీద కూర్చుని చూసేది. మంచీ చెడ్డా అడిగేది కాదు. జక్కమ్మ కంచె సందు దగ్గరికి వెళ్ళి నిలబడితే, అవతల ఎవరూ ఉండేవారు కారు.

క్రిస్మస్ పండగ నాడు పసివాడికి అన్నం ముట్టించారు. అంతోనియమ్మాళ్ మెత్తగా పిసికి పెట్టింది. వాడు తిన్నాడు. నవ్వాడు. ఇంకా కావాలని చేయి చాచాడు.

ఆ మధ్యాహ్నం ఆరోక్కియమేరి వీధి వైపు నించి వచ్చింది. పుట్టి బుద్ధెరిగి ఆమె జక్కమ్మ వాకిలి తొక్కడం అదే మొదలు. తెల్లచీర కట్టుకుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

“పాపాత్తి ఇంక రానక్కరలేదు అక్కా. వాడు తింటా ఉండాడు. నేనిచ్చింది నాకు వచ్చేసినాది. ఒక చుక్క తక్కువ లేదు.”

“మేరీ, పండగ పొద్దు, కూర్చో. రెండు మాటలు…”

“నీవు చెప్పిన మాట నీవు నిలుపుకున్నావు. దానికి నీకు దండం పెడతాను.”

చెప్పినట్టే దండం పెట్టింది. కొంగు కింద నించి తూక్కు తీసి జక్కమ్మ చేతికి ఇచ్చి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇత్తడి కొత్తదానిలా మెరుస్తోంది. చింతపండు పెట్టి బాగా తోమి, ఎండలో ఆరబెట్టి తెచ్చింది. జక్కమ్మ మూత తీసింది. లోపల వేళ్ళు పెట్టి అడుగంతా తడిమింది. మునగాకు లేదు. చిటికెడు ఉప్పు కూడా లేదు.

మర్నాడు పెరట్లోకి వెళ్తే కంచె సందులో కొత్త తుమ్మముళ్ళు కొట్టి ఉన్నాయి, అవతలి వైపు నించి.

పొద్దు వాలే వేళకు ముళ్ళ అవతల పసివాడు ఏడవడం మొదలుపెట్టాడు. ఆకలి ఏడుపు కాదు. అన్నం తిన్నవాడి బలమైన ఏడుపు. ఎప్పుడూ వచ్చే మనిషి రాలేదని ఏడుపు. పాపాత్తి ముద్ద కలుపుతున్న చేయి ఆపింది. ఆమె రవిక మీద తడి మెల్లగా పాకుతోంది.

“అత్తా,” అంది.

జక్కమ్మ ఖాళీ తూక్కు పట్టుకుని నిలబడి ఉంది. తీర్చవలసింది ఏమీ లేదు. ఆ ఇంటికి వెళ్ళడానికి ఇప్పుడు ఏ మిష పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఏడుపు మాత్రం ఆగలేదు.